అర మిల్లీగ్రాము గోళీ, ఆడవాళ్ల ఎముకలు

బెటామెథసోన్ గోళీ చూడ్డానికి చాలా చిన్నది. అందులో ఉండే మందు అర మిల్లీగ్రామే. కీళ్ల నొప్పులకు, ఆయాసానికి, ఒంటి దురదలకు, తగ్గని జ్వరానికి పొట్లం కట్టి ఇచ్చే మూడు నాలుగు రకాల గోళీల్లో ఇదో, దీని తోబుట్టువు డెక్సామెథసోనో కలిసి ఉండటం తెలుగు నేల మీద ఎవరికీ కొత్త కాదు. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులైనా, ఎల్బీనగర్ చౌరస్తా దాటాక మొదలయ్యే కాలనీలైనా అందుకు మినహాయింపు కాదు. అర మిల్లీగ్రాము ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. కానీ స్టిరాయిడ్ల బలాన్ని వాటి తూకంతో అంచనా వేయకూడదు. అర మిల్లీగ్రాము బెటామెథసోన్, కొలమానంగా వాడే మరో స్టిరాయిడ్ ప్రెడ్నిసోలోన్ సుమారు 4 మిల్లీగ్రాములతో సమానం. పొద్దునొకటి, రాత్రికొకటి వేసుకుంటే 7.5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ గీత దాటినట్టే. ఆ గీత ఊరికే గీసింది కాదు. బ్రిటన్‌లో కుటుంబ వైద్యుల రికార్డుల నుంచి స్టిరాయిడ్ గోళీలు వాడిన 2,44,235 మంది వివరాలు తీసి, వాడని వాళ్లతో పోల్చిన అధ్యయనం 2000లో వెలువడింది. రోజుకు 7.5 మిల్లీగ్రాములు, ఆపైన వాడినవాళ్లలో వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఐదు రెట్లు, తుంటి విరిగే ప్రమాదం రెండు రెట్లకు పైన కనిపించింది. 2.5కూ 7.5కూ మధ్య వాడినవాళ్లలో వెన్నుపూసల ప్రమాదం రెండున్నర రెట్లు ఉంది. 2.5 కన్నా తక్కువ వాడినవాళ్లలో సైతం ఒకటిన్నర రెట్లు తేలింది. అంటే వెన్నెముక విషయంలో పూర్తిగా నిరపాయమైన మోతాదు అంటూ ఆ లెక్కల్లో దొరకలేదు.

ఈ లెక్కలు మన ఆడవాళ్ల విషయంలో మరింత గట్టిగా పట్టించుకోవాలని నా వాదన. కారణం స్టిరాయిడ్‌లో కన్నా, అది పడే ఒంట్లో ఎక్కువ ఉంది. మందు మొదలయ్యేనాటికే ఇక్కడి స్త్రీల ఎముక పలచబడి ఉంటుంది. అలాంటి ఎముక మీద పడే స్టిరాయిడ్‌కు బ్రిటన్ స్త్రీ ఎముక మీద గీసిన గీత సరిపోదు. కాబట్టి ఎముకల రక్షణ నడుం నొప్పి వచ్చాక వెతుక్కునే సంగతి కాకూడదు. స్టిరాయిడ్ రాసిన చీటీ మీదే, అదే రోజు మొదలవ్వాలి.

స్టిరాయిడ్ హార్మోన్లన్నీ ఒక్కలాంటివి కావు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, టెస్టోస్టిరాన్, కార్టిసాల్, ఆల్డోస్టిరాన్ అన్నీ కొలెస్టరాల్ నుంచి ఒళ్లు తయారుచేసుకునేవే. ఈస్ట్రోజెన్ ఎముకను కాపాడుతుంది, మితిమీరిన కార్టిసాల్ తినేస్తుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను తెల్లవారుజామున ఎక్కువగా, రాత్రి తక్కువగా వదులుతాయి. ఆ లయ చెడి రాత్రింబవళ్లు కార్టిసాల్ పొంగితే ఏమవుతుందో అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ 1932లో 12 మంది రోగుల వివరాలతో రాశాడు. వారిలో ఎక్కువమంది స్త్రీలే. 1910లో ఆయన చూసిన 23 ఏళ్ల యువతితో ఆ కథ మొదలైంది. ముఖం గుండ్రంగా ఉబ్బడం, మెడ వెనక కొవ్వు పేరుకోవడం, కడుపు మీద ఊదారంగు చారలు, బీపీ, షుగరు, తొడల్లో బలం లేకపోవడం, వాటితోపాటు ఎముకలు గుల్లబారి వీపు వంగిపోవడం ఆ జబ్బు లక్షణాలు. పీయూష గ్రంథిలో పుట్టే చిన్న గడ్డ వల్ల వచ్చే ఈ కుషింగ్ జబ్బు మగవాళ్లకన్నా ఆడవాళ్లలో మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువ. అయినా ఏటా పది లక్షల మందిలో ఇద్దరు ముగ్గురికి మించి రాదు. ఆ లక్షణాలన్నీ కార్టిసాల్‌లా పనిచేసే స్టిరాయిడ్ మందులతోనూ వస్తాయి, అలా వచ్చేదే ఎక్కువ. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో కదల్లేని ఒక యువతికి కార్టిసోన్ ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు, ఈ హార్మోన్ల మీద పనిచేసిన కెండాల్‌కు, రైక్‌స్టైన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటిదాకా గ్రంథి గడ్డల వల్ల అరుదుగా వచ్చిన జబ్బు, ఆ తర్వాత మందుల షాపుల దాకా వచ్చింది. వేరే కారణం వల్ల ఎముకలు గుల్లబారే రకాల్లో ఈ రోజు ప్రపంచమంతటా మొదటి స్థానం స్టిరాయిడ్ మందులదే.

ఒంట్లో ఎముక ఎప్పుడూ తవ్వుడు, పూడ్చుడు పనిలో ఉంటుంది. రోడ్డు మీద ఒక ముఠా పాత తారు పెకలించి పోతే, వెనక వచ్చే ముఠా కొత్తది పరచినట్టు, ఆస్టియోక్లాస్టులనే కణాలు పాత ఎముకను తొలుస్తాయి, ఆస్టియోబ్లాస్టులనే కణాలు కొత్తది కడతాయి. రెండు పనులూ సరితూగినన్నాళ్లు ఎముక నిలుస్తుంది. ముట్లు ఆగాక వచ్చే ఎముక క్షీణతలో తవ్వే ముఠా జోరు పెరుగుతుంది. స్టిరాయిడ్ దెబ్బ మరో రకం. మొదటి కొద్ది నెలలు తవ్వకం పెరిగినా, అసలు నష్టం పరిచే ముఠా లేకపోవడం వల్ల జరుగుతుంది. ఎముక కట్టే కణాలు పుట్టడం తగ్గుతుంది, పుట్టినవీ తొందరగా చస్తాయి. అమెరికాలోని ఆర్కాన్సా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వైన్‌స్టీన్, స్టావ్రోస్ మనోలగాస్ బృందం 1998లో ఎలుకల్లోనూ, స్టిరాయిడ్ వాడిన రోగుల ఎముక ముక్కల్లోనూ ఈ చావులను చూపించింది. ఎముక గట్టి భాగంలో పాతుకుని, ఎక్కడ పగులు పడిందో కనిపెట్టే ఆస్టియోసైట్ల చావు అందులో మరీ ముఖ్యం. ఆ కణాలు పోతే పగుళ్ల కబురు చెప్పేవాళ్లుండరు. అందుకే స్టిరాయిడ్ వాడేవాళ్ల ఎముక, సాంద్రత పరీక్షలో ఫర్వాలేదనిపించే దశలోనే విరుగుతుంది. దీనికి తోడు పేగుల్లో కాల్షియం పట్టుకోవడం తగ్గుతుంది, మూత్రంలో పోయేది పెరుగుతుంది, అండాశయాల పని మందగిస్తుంది, తొడ కండరాలు బలహీనపడి మనిషి తూలి పడే అవకాశం పెరుగుతుంది. స్పంజిలా గదులుండే ఎముక ముందు దెబ్బతింటుంది కనుక వెన్నుపూసలూ పక్కటెముకలూ మొదట లొంగుతాయి. ఇవన్నీ ఏళ్ల తర్వాత జరిగేవనుకుంటే పొరపాటు. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే ప్రమాదం పైకి లేస్తుంది. మందు ఆపాక అది త్వరగానే తగ్గడం మొదలవుతుంది. ఈ రెండో మాట కూడా అంతే గట్టిగా చెప్పాలి. ఇది తలరాత కాదు, సమయానికి పట్టుకుంటే సర్దుకునే నష్టం.

ఇక మన ఎముకల సంగతి. దిల్‌సుఖ్‌నగర్‌కు కొన్ని కిలోమీటర్ల దూరంలోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అక్కడ వీణా శత్రుఘ్న బృందం హైదరాబాద్‌లోని తక్కువ ఆదాయ కుటుంబాల నుంచి 30–60 ఏళ్ల మధ్య ఉన్న 289 మంది స్త్రీల ఎముకల సాంద్రత కొలిచి 2005లో ఫలితాలు ప్రచురించింది. తుంటి మెడ దగ్గర 52 శాతం మందిలో ఎముక పలచబడి ఉంది, మరో 29 శాతం మందిలో పూర్తిగా గుల్లబారి ఉంది. ఆ స్త్రీలు రోజూ తింటున్న కాల్షియం 270 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు సిఫారసు చేసింది 1000 మిల్లీగ్రాములు, ముట్లాగిన స్త్రీకి 1200. పాలిష్ పట్టిన 100 గ్రాముల బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములైనా ఉండదు, అంతే రాగుల్లో 364 ఉంటుంది. సంకటి పళ్లెం పోయి మూడు పూటలా తెల్లన్నం వచ్చాక ఆ లోటు పూడ్చే పాలు, పెరుగు అందరి ఇళ్లకూ చేరలేదు. చేరిన ఇళ్లలోనూ గ్లాసు ముందు పిల్లలకూ మగవాళ్లకూ పోయింది. ఆ 289 మందిలో ఎవరికీ అరవై దాటలేదన్నది గుర్తుంచుకోవాలి. వాళ్ల ఎముకల పలుచదనం ముసలితనం తెచ్చింది కాదు, ఆకలి తెచ్చింది.

దీని మీద ఇంకో దెబ్బ ఉంది. భారతీయ స్త్రీకి ముట్లు ఆగే సగటు వయసు 46కు అటూ ఇటూ, పశ్చిమ దేశాల్లో అది 51. ఆ ఐదేళ్ల ఈస్ట్రోజెన్ రక్షణ మనకు లేదు. అది చాలదన్నట్టు గర్భసంచి తీయించుకోవడం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో ముందు వరుస మనదే. ‘పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకు’ అని ముప్పైల్లోనే జరిగిన ఆపరేషన్లు అందులో ఎన్నో. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్క రోజులో పడిపోతుంది. వాటిని ఉంచినా, వాటి పని మామూలు కన్నా ముందే తగ్గిపోవచ్చు. అలాంటి స్త్రీకి నలభై రెండేళ్లకు మోకాళ్ల నొప్పులు మొదలై, ఎవరో ఇచ్చిన పొట్లంలో స్టిరాయిడ్ దొరికి, రెండు రోజుల్లో హాయి అనిపించి, అదే పొట్లం నెలల తరబడి సాగితే ఆ ఎముకలో మిగిలేది ఎంత? బ్రిటన్ రికార్డుల్లోని స్త్రీకి ఈ మూడు నష్టాలూ ఒకేసారి లేవు.

‘మనకు ఎండకు కొదవా, విటమిన్ డి ఎందుకు తగ్గుతుంది’ అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. తిరుపతిలో సి.వి. హరినారాయణ్ బృందం పట్నం వాళ్లనూ పల్లె వాళ్లనూ పరీక్షించి 2007లో ప్రచురించిన ఫలితాల్లో విటమిన్ డి లోపం విస్తారంగా కనిపించింది. పొలంలో పనిచేసే పల్లె వాళ్ల స్థాయి కొంత మెరుగు. కాల్షియం మాత్రం ఇద్దరి తిండిలోనూ తక్కువే. గింజల్లోని ఫైటేట్ ఉన్న కాల్షియాన్నీ పట్టి ఉంచేస్తుంది. ఎండ బయట ఉంటుంది, అపార్టుమెంటు వంటింట్లోనో హాస్టల్ గదిలోనో ఉన్న ఆడమనిషి చర్మం మీద పడదు. పడినా, పేగులో కాల్షియాన్ని ఆపే స్టిరాయిడ్‌ను ఎండ ఒక్కటే ఎదుర్కోలేదు.

‘నాలుగైదు రోజులే వాడాను, దానికే ఇంత గోలా’ అనేవాళ్లకు కూడా జవాబు ఉంది. అమెరికాలో 15 లక్షల మంది వివరాలతో 2017లో వచ్చిన అధ్యయనంలో, నెల లోపు కోర్సు వాడినవాళ్లలో మొదటి 30 రోజుల్లో ఎముక విరిగే రేటు దాదాపు రెట్టింపుకు దగ్గరగా వచ్చింది. వాళ్లు వాడింది సగటున ఆరు రోజులు. ఒక్కసారి, అవసరానికి, వైద్యుడు చెప్పి వాడిన ఆరు రోజుల కోర్సుకు భయపడాల్సిన పనిలేదు, ఆ పెరుగుదల తర్వాతి నెలల్లో తగ్గింది కూడా. కానీ ఏడాదికి ఆరుసార్లు ‘నాలుగైదు రోజులు’ వాడే వాళ్లు నాలుగైదు రోజులు వాడుతున్నట్టు కాదు. ఆ పొట్లాలన్నీ కలిపి ఎవరూ లెక్క వేయరు. ఏ చీటీ మీదా మొత్తం కనిపించదు కనుక అడిగితే ‘స్టిరాయిడ్లు ఎప్పుడూ వాడలేదండీ’ అనే జవాబే వస్తుంది. మోకాలి కీలులోకి వేసిన సూది, ‘వాతం పోతుంది’ అని అమ్మే చూర్ణం, ముఖం తెల్లబడటానికి రాసుకునే క్రీము కూడా ఈ లెక్కలో కలపాలి. మూలికల పేరుతో అమ్మే నొప్పుల మందుల్లో స్టిరాయిడ్ కలిసి ఉన్నట్టు పరీక్షల్లో తేలిన సందర్భాలు దేశంలో చాలాసార్లు బయటపడ్డాయి. బలమైన స్టిరాయిడ్ క్రీములు ఎక్కువ మొత్తంలో, ఎక్కువ కాలం వాడినవాళ్లలో ఎముకల జబ్బు పెరిగినట్టు డెన్మార్క్ రికార్డుల మీద 2021లో వచ్చిన అధ్యయనం చెబుతోంది. కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు వచ్చే అమ్మాయిలకు ఇది తెలియాలి. ఎముక గట్టిపడి శిఖరానికి చేరే వయసు ఇరవైల్లోనే ఉంటుంది. ఆ వయసులో ఎండ తగలకుండా, భోజనం సరిగా లేకుండా, పైన ఫెయిర్‌నెస్ కోసం స్టిరాయిడ్ కలిసిన క్రీము రాసుకుంటే కూడబెట్టాల్సిన కాలంలో ఖర్చు పెట్టినట్టవుతుంది.

అసలు గట్టి అభ్యంతరం వైద్యుల వైపు నుంచి వస్తుంది. స్టిరాయిడ్లను ఇలా భూతాలుగా చూపిస్తే రోగులు మందు మానేస్తారు, ప్రాణం మీదికి వస్తుందని. ఆ భయంలో నిజముంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే దాడి చేసే లూపస్ జబ్బు వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే. మూత్రపిండాల దాకా పోయిన లూపస్‌లో స్టిరాయిడ్ ఆపితే మనిషి దక్కకపోవచ్చు. అదుపు తప్పిన కీళ్లవాతం తానే ఎముకను తినేస్తుంది కనుక తక్కువ మోతాదు స్టిరాయిడ్‌తో ఆ మంటను ఆర్పడం కొంతవరకు ఎముకకు మేలే. కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైన రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ పది రోజులు ఇస్తే మరణాలు తగ్గుతాయని 2020 జూన్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్ తేల్చింది, లెక్కలేనన్ని ప్రాణాలు నిలిచాయి. మరుసటి ఏడాదే, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లూ ఎడాపెడా అదే మందు మింగడం వల్ల, షుగరు అదుపు తప్పడం వల్ల బ్లాక్ ఫంగస్ విజృంభించి, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని రాష్ట్రమంతటికీ ప్రత్యేక కేంద్రంగా మార్చాల్సి వచ్చింది. రెండూ ఒకే మందు చేసిన పనులు. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్‌లో స్టిరాయిడ్ ఉందని విని దాన్ని పక్కన పెట్టేయడం ఇంకా చెడ్డ తప్పు. ఇన్‌హేలర్ మందు మైక్రోగ్రాముల్లో ఊపిరితిత్తులకు పోతుంది. అది మానేసి ఆయాసం ముదిరితే గోళీలూ సూదులూ తప్పవు, వాటి మోతాదు ఎన్నో రెట్లు ఎక్కువ. నెలల తరబడి వాడిన స్టిరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడం అన్నిటికన్నా ప్రమాదం. బయటి మందుకు అలవాటుపడి అడ్రినల్ గ్రంథులు నిద్రపోయి ఉంటాయి. మెల్లగా తగ్గించకపోతే వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా పోవచ్చు. కాబట్టి నా వాదన స్టిరాయిడ్ వద్దని కాదు. ఇచ్చేవాళ్లు లెక్కపెట్టి ఇవ్వాలి, ఇచ్చినరోజే ఎముకను చూడాలి అని.

ఇంకో సందేహం పీసీఓఎస్ ఉన్న అమ్మాయిలది. వాళ్లలో మగ హార్మోన్లు ఎక్కువ కదా, ఆ స్టిరాయిడ్ కూడా ఎముకను తింటుందా? అలా జరగదు. ఆండ్రోజెన్లు మామూలుగా ఎముకకు బలమే ఇస్తాయి, పీసీఓఎస్ మీద వచ్చిన అధ్యయనాలు ఒక దిక్కు చూపించవు. నెలల తరబడి ముట్లు రాని సన్నటి అమ్మాయి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2017 నుంచి ఇస్తున్న అంతర గర్భనిరోధక సూది కూడా స్టిరాయిడ్ హార్మోనే. అది ఈస్ట్రోజెన్‌ను తగ్గించి ఎముక సాంద్రతను కొంత లాగేస్తుంది, మానేశాక చాలావరకు తిరిగి వస్తుంది. ముఖం ఉబ్బి, చారలు పడి, తొడల్లో బలం పోయి, ఏ స్టిరాయిడూ వాడలేదని నిక్కచ్చిగా చెప్పే స్త్రీకి మాత్రం కుషింగ్ జబ్బు ఉందేమో హార్మోన్ల డాక్టరు చూడాలి. రాత్రి 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ ఇచ్చి పొద్దున కార్టిసాల్ చూసే పరీక్షతో ఆ వెతుకులాట మొదలవుతుంది.

రక్షణ ఎలా? 2022లో అమెరికా కీళ్ల వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2.5 మిల్లీగ్రాములు, ఆపైన ప్రెడ్నిసోలోన్ మూడు నెలలకు మించి వాడే ప్రతి ఒక్కరికీ ఎముకల ప్రమాదం అంచనా వేయాలి, మందు మొదలుపెట్టిన తొలి నెలల్లోనే. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌తో పాటు వెన్నెముక ఎక్స్‌రే కూడా చూడాలి. వెన్నుపూస కుంగిపోయినా చాలామందికి నొప్పి తెలియదు, స్టిరాయిడ్ ఆ నొప్పిని ఇంకా కప్పేస్తుంది. ఎత్తు తగ్గడం, జాకెట్టు వెనక వైపు పైకి లేవడం లాంటివి ముందు కనిపిస్తాయి. కాల్షియం, విటమిన్ డి పునాది మాత్రమే, ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు అవి చాలవు. వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్, ఏడాదికోసారి ఎక్కించే జోలెండ్రోనిక్ యాసిడ్ తవ్వకాన్ని ఆపుతాయి. ఎముక కట్టే కణాలే చచ్చిపోతున్నప్పుడు కట్టించే మందు మేలని 2007లో వచ్చిన ఒక పోలిక చూపించింది. స్టిరాయిడ్ వాడే రోగులలో 18 నెలల తర్వాత టెరిపారటైడ్ ఇచ్చినవాళ్ల వెన్నెముక సాంద్రత 7.2 శాతం పెరిగింది, అలెండ్రోనేట్ ఇచ్చినవాళ్లలో 3.4 శాతం. కొత్తగా వెన్నుపూసలు విరిగినవాళ్లు మొదటి గుంపులో 0.6 శాతం, రెండో గుంపులో 6.1 శాతం. ఖరీదైన ఆ సూది అందరికీ అక్కర్లేదు, ఇప్పటికే ఎముకలు విరిగినవాళ్లకు అవసరం. పిల్లలు కావాలనుకునే వయసువాళ్లకు ఏ మందు ఇవ్వాలన్నది వేరే లెక్క, అది డాక్టరుతో తేల్చుకోవాలి.

ఇదంతా కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్లగలిగే స్త్రీకి దొరుకుతుంది. పొట్లం మందు తీసుకునే స్త్రీకి దొరకదు, అవసరం ఎక్కువ ఆమెకే. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు ఆమెకు నడిచిపోయేంత దగ్గరలో ఉన్నాయి. అక్కడ నొప్పులకు వచ్చే ప్రతి స్త్రీనీ ‘ఇంతకుముందు ఏం గోళీలు వాడావమ్మా, స్ట్రిప్పు చూపించు’ అని అడగడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. గుండెకూ క్యాన్సర్‌కూ ఇచ్చే శ్రద్ధలో ఒక వంతు ఎముకలకూ ఇచ్చి, అక్కడ ఉచితంగా డెక్సా స్కాన్ చేసే గది, స్టిరాయిడ్ వాడే స్త్రీల కోసం వారానికి ఒక్కరోజైనా నడిచే ఎముకల ఓపీ ఉండాలని ప్రభుత్వాన్ని కోరాలి. బెటామెథసోన్, డెక్సామెథసోన్ గోళీలు షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా అమ్మకూడదన్న నియమం ఎప్పటినుంచో ఉంది. దాన్ని అమలు చేయమని అడగడం కొత్త చట్టం కోరడం కాదు.

ఇది చదివేవారిలో నెలల తరబడి ఇలాంటి గోళీలు వాడుతున్నవారు ఉంటే, ఈ రోజే మానేయకండి. వాడుతున్నవన్నీ, క్రీములూ చూర్ణాలతో సహా, ఒక సంచిలో వేసుకుని అర్హత ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్లి, ఇందులో స్టిరాయిడ్ ఎంత ఉంది, నా ఎముకలకు ఏం చేయాలి అని అడగండి.